పలుపు కొలత

కారు కొనడానికి పలుపుతాడు పట్టుకుని బయల్దేరిన మనిషిని కలకత్తా నగరం అంతకుముందు చూడలేదు. చూశాక మాత్రం నెల రోజులు నవ్వింది. మొదటి షోరూములో వెనక సీటు పలుపు మీది ముడికి నాలుగు వేళ్ళు దిగువన ఉందని గవరయ్య లేచి వచ్చేశాడు. రెండోచోట జానెడు ఎగువన ఉందని వచ్చేశాడు. మూడోచోట, కిందటి ఆదివారం, ముడి సరిగ్గా సీటు అంచుకు తగిలింది. అంతే, ఆ నున్నటి పాలరాతి నేల మీద చతికిలబడి కళ్ళొత్తుకున్నాడు. పక్కనున్న నేస్తం యెషయాకి మతి పోయింది. సీటు ఎత్తు సరిపోయినందుకు ఏడ్చే మనిషిని అతను బైబిల్లో కూడా చదవలేదు. ఏటని అడిగితే గవరయ్య ఒకటే మాట అన్నాడు. "వచ్చే ఆదివారం నారాయణమ్మని తెస్తాను. అది కూకుంటే అప్పుడు కొందాం."

ఆ ఆదివారం రానే వచ్చింది.

గవరయ్య ముప్పై ఆరేళ్ళు కిదిర్‌పూర్ ఓడల డాకులో క్రేన్ నడిపి, రెండేళ్ళ కిందట వీఆరెస్ తీసుకుని దిగాడు. అతని ఎడంచేతి వాటం డాకంతా ప్రసిద్ధం. ఒక గ్రీకు ఓడ కెప్టెను పందెం కాస్తే, కొక్కేనికి బుట్ట కట్టి, బుట్టలో కోడిగుడ్డు పెట్టి, ఎడంచేత్తో మీట తిప్పుతూ అరవై అడుగుల ఎత్తు నుంచి దించి, కెప్టెను కాఫీ కప్పు పక్కన పెట్టాడని తెలుగు బస్తీలో చెప్పుకుంటారు. గుడ్డు పగలకపోవడమే కాదు, లోపల పచ్చసొన కూడా కదల్లేదని యెషయా కలుపుతాడు. ఆ పూట యెషయా గంగ కవతల టికియాపారా రైలు షెడ్డులో డ్యూటీలో ఉన్నాడు. అయినా పచ్చసొన చూశాడు.

ఇక పలుపు కథ. అది ముప్పై ఏడేళ్ళ నాటిది.

గవరయ్యకి సంబంధం మాట్లాడడానికి శ్రీకాకుళం జిల్లా వెళ్ళిన పెళ్ళిళ్ళ పేరయ్య సగం బెంగాలీ అయిపోయిన మనిషి. "కుర్రోడికి కలకత్తాలో గాడి ఉన్నాది" అని చెప్పాడు. బెంగాలీ వాడికి చక్రాలున్నదల్లా గాడే. రైలూ గాడే, రిక్షా గాడే, పట్టాల మీద నడిచే డాకు క్రేనూ గాడే. కాని నారాయణమ్మ తండ్రికి గాడి అంటే ఒకటే తెలుసు, గొడ్లు మేత తినే గాడి. గాడి ఉందంటే గొడ్లున్నాయి, గొడ్లున్నాయంటే పాడి ఉంది, పిల్లకి పాలకి లోటుండదని ఆయన లెక్క కట్టుకున్నాడు. కూతుర్ని సాగనంపుతూ తన చేత్తో జనపనార పలుపు పేని పసుపు రాసి ఇచ్చాడు. అత్తింటి ఆవు మెడకి పుట్టింటి పలుపు ఉండాలని ఆయన ముచ్చట.

హౌరా స్టేషనులో పలుపు భుజానేసుకుని దిగిన పెళ్ళికూతురు, కిదిర్‌పూర్ డాకు పనివాళ్ళ లైన్లలో ఒంటిగది గుమ్మం ముందు నిలబడి, "గాడి ఏదీ?" అని అడిగింది. గవరయ్య ఆకాశంలోకి చూపించాడు. డాకు గోడ మీంచి క్రేను మెడ కనబడింది. దాన్ని ఏ పలుపుతో కట్టాలో ఆ పదిహేడేళ్ళ పిల్లకి తెలియలేదు. కాసేపు చూసి, ఫక్కున నవ్వి, పలుపు మేకుకి తగిలించింది. ఆ నవ్వు గవరయ్యకి ముప్పై ఏడేళ్ళుగా బాకీలా ఉండిపోయింది. కోపం వస్తే "నీ గాడి ఏది మావా?" అనేది. ప్రేమ వచ్చినా అదే అనేది.

అయితే ఇన్నేళ్ళు ఊరుకుని ఇప్పుడే ఎందుకు పరుగెడుతున్నాడంటారా? అక్టోబరులో పెద్దాసుపత్రి వరండాలో డాక్టరు గవరయ్యని పక్కకి పిలిచి, బెంగాలీలో "ఛొయ్ మాష్" అన్నాడు. ఆరు నెలలు. నారాయణమ్మ కడుపులో మొదలైన జబ్బు తుంటి ఎముకలోకి దిగింది. లోపల బల్ల మీద పడుకున్న నారాయణమ్మ, అతను రాగానే అడిగింది. "ఛొయ్ మాష్ అంటన్నాడు, ఏటది?"

గవరయ్య నోటికి ఎక్కణ్ణుంచి ఊడిపడిందో ఆ మాట. "మాష్ కాదే, మాఛ్. చేపలు. వారానికి ఆరు చేపలు తినమన్నాడు, బలానికి."

ఆ రోజు నుంచి ప్రతి ఆదివారం పొద్దున్నే బజారుకి పోయి ఆరు చేపలు తెస్తున్నాడు. లెక్క తప్పలేదు. నారాయణమ్మ గోడకి ఆనుకుని కూర్చునే పులుసు పెడుతోంది. చర్చి నుంచి వచ్చే యెషయా ఆ గుమ్మంలో ఓ గిద్దెడు టీ తాగి, గుడ్డసంచీ చంకన పెట్టుకుని వెళ్ళిపోతున్నాడు. ఆరు నెలలన్న మాట గవరయ్య ఎవరికీ చెప్పలేదు. పలుపు మాత్రం మేకు మీంచి తీశాడు. నారాయణమ్మ మూలగకుండా కూర్చోగలిగేది నులకమంచం మీద ఒక్కచోటే. ఆ మంచం పట్టె ఎత్తుకి పలుపు మీద ముడి వేశాడు.

రెండువేల మూడు డిసెంబరు అది. దారిలో ఎర్రజెండాల ఊరేగింపు ఒకటి అడ్డం వచ్చి, టాక్సీ గంట సేపు నిలబడిపోయింది. షోరూము చేరేసరికి పదకొండయింది. నారాయణమ్మని గవరయ్యా, యెషయా చెరో రెక్కా పట్టుకుని దింపారు. కూర్చోమని కుర్చీ వేస్తే వద్దంది.

"కారెక్కడానికి వచ్చినాను, కుర్చీ ఎక్కడానికా?"

హాల్దార్ బాబు అని, బట్టతల, మెత్తటి మాట, ఆ షోరూములో అమ్మకాల మనిషి. గవరయ్య చేతిలో పలుపు చూసి ఈసారి నవ్వలేదు. కిందటి వారం ఏడుపు చూశాడు కదా. "రండి దాదా, రండి బౌదీ" అని అన్నావదినల్ని పిలిచినట్టు పిలుస్తూ తెల్లటి కారు వెనక తలుపు బార్లా తీశాడు.

నారాయణమ్మ తలుపుకి వీపు పెట్టి నిలబడింది. గవరయ్య ఆమె ముఖం మీదే చూపు నిలిపాడు, ఒకప్పుడు కొక్కేనికి వేలాడే టీ పెట్టెల మీద నిలిపినట్టు. మెల్లగా దిగింది. దిగింది. సీటు తగిలింది. పెదవి కదల్లేదు. మూలుగు రాలేదు. ఒక్కొక్క కాలూ లోపలికి తీసుకుని, వెనక్కి వాలి, అటూ ఇటూ చూసింది.

"బాగున్నాది" అంది.

గవరయ్య అమ్మకాల మనిషి వైపు తిరిగి బెంగాలీలో అన్నాడు. "హాల్దార్ బాబూ, ఇదే రాసెయ్యి. ఇయ్యాలే తీసుకెల్తాం."

"ఆగెహె" అన్నాడు యెషయా. అప్పటికే ముందు రేకు ఎత్తి తల లోపల పెట్టాడు. ముప్పై ఏళ్ళు రైలింజన్ల పొట్టల్లో బతికిన ఫిట్టరు, మాట కూడా లోపల్నుంచే వస్తోంది. "ఈ బిళ్ళ మీద ఏటి కొట్టున్నాదో చదివినావా? దీని పుటక మార్చిలో. తొమ్మిది నెలలుగా ఎండలో ఎక్కడో నిలబెట్టి, ఇప్పుడు తుడిచి మనకి చూపిస్తన్నారు. ఇంకో పదిహేను రోజులు పోతే కొత్త సంవత్సరం. అప్పుడు ఇదే బండి కాగితాల మీద ఏడాది ముసిలిదైపోద్ది. రేపు అమ్మాలంటే అదే అడుగుతారు."

"నానేటి అమ్ముతానా?"

"కొన్నోడెవడూ అమ్ముతాననుకోడు. బ్యాటరీ చూడు, దీని తారీకు ఇంకా పాతది. టైర్లకి ఒక పక్కే ఎండ కాసింది. సీటు కవర్లు ఊరికే ఇస్తాం, పూలదండ వేస్తాం అంటారు, ఆ దండ కింద ఏటున్నాదో మనమే చూసుకోవాల. నడిపి చూడకుండా సంతకం పెట్టకు. నడిపితే ఈ నున్నటి రోడ్డు మీద కాదు, కిదిర్‌పూర్ వంతెన దగ్గర ట్రాము పట్టాల మీద నడపాల. అక్కడ కిక్కురుమనకపోతే అప్పుడు బండి."

హాల్దార్ బాబుకి తెలుగు రాకపోయినా వేలు ఎక్కడ పెడుతున్నాడో తెలిసింది. నొచ్చుకోకుండానే ఒప్పుకున్నాడు. పాత సరుకే, అందుకే ధర తగ్గించామన్నాడు. కొత్తది కావాలంటే ఎరుపు రంగుది రాయొచ్చు, ఫ్యాక్టరీ నుంచి మార్చి నెలాఖరుకి వస్తుంది. నిజానికి తానైతే అదే తీసుకుంటానన్నాడు. తర్వాత కాగితం తీసి అడిగాడు. "నడిపేది ఎవరు దాదా? మీ అబ్బాయా?"

"నాకు కొడుకు లేడు" అన్నాడు గవరయ్య. బెంగాలీలో రెండే మాటలు, ఛేలే నేయీ. తలుపు వేసినట్టు అన్నాడు.

సీట్లో నారాయణమ్మ చీర చెంగు సర్దుకుంది. యెషయా రేకు కింద ఇంకాస్త వంగాడు.

"డ్రైవర్ని పెట్టుకుంటాను. తెల్లదే రాయి."

"ఎర్రదే బాగుంటాది మావా" అంది నారాయణమ్మ లోపల్నుంచి. "కుంకంలా ఉంటాది. మార్చి ఎంతలో వస్తాది? ఆగుదాం."

"వద్దు."

"యెషయా అన్నియ్య చెప్పింది సబబుగా ఉన్నాది కదా. ఎండలో ఎండిన బండి మనకేల?"

"వద్దన్నాను కదే."

"ఏటిరా నీ తొందర?" యెషయా నూనె చేతులతో బయటికి వచ్చాడు. "నెల్లాళ్ళు పలుపు పట్టుకుని ఊరంతా తిరిగినోడివి, మూడు నెలలు ఆగలేవా? పెళ్ళి ముహూర్తం దాటిపోతందా? పైసా పైసా కూడబెట్టి పాత బండి నెత్తినేసుకుంటాడంట. నువ్వైనా చెప్పు చెల్లెమ్మా."

 మార్చి నెలాఖరు. గవరయ్య అక్టోబరు నుంచి వేళ్ళు ముడిచాడు. అక్టోబరు, నవంబరు, డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి, మార్చి. ఆరూ అయిపోయాయి. లెక్క తెలియక కాదు, వేలు మిగులుతుందేమోనని. తెలివైన వాడెవడైనా ఆగమనే చెబుతాడు. ఆగడానికి కావలసిన రోజులే అతని దగ్గర లేవు. ఆ సంగతి చెప్పకుండా, వద్దనడానికి ఇంకో కారణం వెతుక్కుంటూ పలుపు ముడిని చేత్తో నలుపుతున్నాడు.

నారాయణమ్మ ఆ చేతినే చూస్తోంది.

"మావా, నువ్వూ ఇటొచ్చి కూకో" అంది. "ఆ తలుపు వేసీ."

గవరయ్య అటువైపు నుంచి ఎక్కి తలుపు లాగాడు. మెత్తగా మూసుకుంది.

ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు. రోడ్డు మీద ట్రాము గంట లేదు, హారన్లు లేవు. అద్దం అవతల యెషయా చేతులు తిప్పుతూ హాల్దార్ బాబుకి ఏదో చెబుతున్నాడు, ఒక్క మాట వినబడడం లేదు. కిదిర్‌పూర్ లైన్లలో వాళ్ళ గదికి మూడు పక్కలా మూడు కాపరాలు. పక్కింటి వాడు దగ్గితే వీళ్ళింట్లో పిల్లి ఉలిక్కిపడేది. ఆలుమగలు ఒక మాట అనుకోవాలంటే పంపు దగ్గర నీళ్ళ చప్పుడులో అనుకునేవారు.

"ఎంత నిశ్శబ్దంగా ఉన్నాది" అంది నారాయణమ్మ. "ఇలగ తలుపేసుకుని మనిద్దరం ఎప్పుడైనా కూకున్నామా?"

"నేదు."

"అయితే ఇక్కడ చెప్పు. ఎవులూ వినరు. డాక్టరు ఎన్నాళ్ళన్నాడు?"

గవరయ్య ముందు సీటు వెనక భాగం చూస్తూ కూర్చున్నాడు. "ఆరు చేపలు..." అన్నాడు. 

"ముప్పై ఏడేళ్ళు బెంగాలీ చేపలోల్ల దగ్గర బేరమాడినదాన్ని మావా. మాఛ్‌కీ మాష్‌కీ తేడా నాకు తెల్దేటి? ఆ రోజే తెలిసింది."

"మరి ఎందుకూరుకున్నావే?"

"నువ్వు ఆదివారం ఆదివారం సంచీ పట్టుకుని, ఎంచి ఎంచి తెస్తన్నావు. ఒక వారం ఆరో చేప దొరక్క వాన్లో మళ్ళీ ఎల్లినావు. ఎలగ చెప్పను? చెబితే నువ్వు చేపలు మానేస్తావు, ఏడుస్తావు. చేపలే నయమనుకున్నాను."

గవరయ్య ఏడ్చాడు. చప్పుడు లేకుండా ఏడవడం ఆ లైన్లలో అందరికీ అలవాటే. కాని ఇక్కడ చప్పుడైనా ఎవరూ వినరని గుర్తొచ్చి, కాసేపటికి చప్పుడుగానే ఏడ్చాడు. నారాయణమ్మ ఆపలేదు. అతని ఎడంచేతిని తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది. 

"నీకొక గాడి చూపించాలనుకున్నాను" అన్నాడు చివరికి. "మీ అయ్యకి నాను అబద్ధమాడలేదని."

"గాడి నేకపోయినా నాను ఉండిపోనాను కదా."

అద్దం మీద యెషయా ముక్కు ఆనించి లోపలికి చూసి, చూడకూడనిది చూసినట్టు చటుక్కున వెనక్కి తగ్గాడు.

"ఈ బండి ఎవులికి కొంటన్నావు మావా? నీ ముచ్చటకా, నా ముచ్చటకా?"

"నీకే."

"అయితే మొదట ఎక్కడికెల్లాలో నానే చెప్తాను. నువ్వు కాదనకూడదు."

గవరయ్య ముఖం తుడుచుకున్నాడు. గంగ మీది కొత్త వంతెన అనుకున్నాడు, దక్షిణేశ్వరం అనుకున్నాడు, దిఘా సముద్రమైనా సరే అనుకున్నాడు. "చెప్పు."

"మెటియాబ్రుజ్."

ఒళ్ళోంచి చేయి వెనక్కి తీసుకున్నాడు.

మెటియాబ్రుజ్ ఎంతో దూరం లేదు. వాళ్ళ లైన్ల దగ్గర ఆటో ఎక్కితే, చుట్ట కాల్చే లోపు దిగొచ్చు. ఆ కాస్త దూరాన్ని గవరయ్య పదకొండేళ్ళుగా దాటలేదు. ఒక్కగానొక్క కొడుకు పోలిరాజు అక్కడి దర్జీ ఖలీల్ మియా కూతుర్ని పెళ్ళాడి వచ్చి గుమ్మంలో నిలబడితే, "నాకు కొడుకు లేడు" అని తలుపు వేసినవాడు గవరయ్య. ఆ మాట ఇందాక హాల్దార్ బాబుతో అన్నదే. పదకొండేళ్ళుగా అరగలేదు.

"అక్కడికి కారెందుకే?" అన్నాడు, ఏం అనాలో తెలియక.

"నడిచెల్లే దూరమే. ఆ దూరానికి నీకు నా చావు కావలసొచ్చింది, నాకు కారు కావలసొచ్చింది."

అంతకంటే మెత్తగా ఆ మాట ఎవరూ అనలేరు. గవరయ్య ఆ మెత్తదనానికే తట్టుకోలేకపోయాడు. తలుపు తీసుకుని దిగిపోదామని గబుక్కున గొళ్ళెం కోసం వెతికాడు. అరవై అడుగుల క్రేనులో పదహారు మీటలు కళ్ళు మూసుకుని తిప్పినవాడికి కారు తలుపు మీద మీట ఎక్కడుందో దొరకలేదు. చివరికి హాల్దార్ బాబే బయటి నుంచి తీశాడు. రోడ్డు చప్పుడంతా ఒక్కసారి లోపలికి వచ్చిపడింది.

"ఏమనుకున్నారు దాదా? తెల్లదే రాయమంటారా?"

గవరయ్య దిగి నిలబడ్డాడు.  అవునంటే కారుకీ మెటియాబ్రుజ్‌కీ రెండిటికీ అవునన్నట్టే. కాదంటే రెండిటికీ కాదన్నట్టే.

నారాయణమ్మ మెడ సారించి, విరిగిన బెంగాలీలో హాల్దార్ బాబుని అడిగింది. "వెనక సీట్లో ఎందరు పడతారు బాబూ?"

"ముగ్గురు హాయిగా కూర్చోవచ్చు బౌదీ."

నారాయణమ్మ వేళ్ళు ముడిచి చూసుకుంది. "చాల్దే. నానొక్కర్తినీ, పోలిరాజు గుంటలు ముగ్గురూ. నలుగురం అవుతాం." కాస్త ఆగి, తనలో తను అనుకున్నట్టు అంది. "పోన్లే, చిన్న గుంట నా ఒళ్ళో కూకుంటాది. దానికి తాతకి మల్లే ఎడంచేతి వాటం. అన్నం కూడా ఆ చేత్తోనే తింటే, వాళ్ళమ్మ కొడతాది."

 తనకి మనవలున్నారని గవరయ్యకి తెలియదు. ముగ్గురని తెలియదు. వాళ్ళలో ఒకతె తన చేతివాటంతో పుట్టిందని తెలియదు.

"నీకెలగ తెలుసు?"

"ఆరు చేపలు మావా" అంది నారాయణమ్మ. "ఈ ఒంటితో నాను తినేది సగం ముక్క. నువ్వు తినేది ఒకటి. మిగతావి ఎవులు తింటన్నారనుకున్నావు?"

గవరయ్యకి ఆదివారాలు గుర్తొచ్చాయి. గుమ్మంలో గిద్దెడు టీ. చంకలో గుడ్డసంచీ. మెల్లగా యెషయా వైపు తిరిగాడు. పచ్చసొన కూడా కదల్లేదని ఊరంతా చెప్పుకు తిరిగే యెషయా, రెండు నెలలుగా నోరు విప్పని యెషయా, వెనక టైరు ముందు గొంతుక్కూర్చుని, ఆ రబ్బరులో తన జాతకం రాసి ఉన్నట్టు చదువుతున్నాడు.

"నన్ను తరవాత తిట్టొచ్చు గవరయ్యా" అన్నాడు తల తిప్పకుండానే. గొంతులో ఎప్పటి ఎకసెక్కం లేదు. "ఈ బండి నడపడానికి మనిషి కావాలన్నావు కదా. పదకొండేళ్ళుగా ఈ ఊళ్ళో టాక్సీ నడుపుతున్నోడు ఒకడున్నాడు. పొద్దుటి నుంచీ రోడ్డు కవతల నిలబడున్నాడు. కాస్త తలెత్తి ఆ అద్దంలోంచి చూడు."

పలుపు గవరయ్య ఎడంచేతిలోంచి జారి, నున్నటి రాయి మీద చప్పుడు లేకుండా పడింది. నారాయణమ్మ అలాగే సీట్లో కూర్చుని అతన్నే చూస్తోంది. హాల్దార్ బాబు కలం మూత తీసి పట్టుకుని నిలబడ్డాడు.

అరవై అడుగుల ఎత్తు నుంచి కోడిగుడ్డు దించిన మనిషికి, ఆ క్షణాన, తన తలని జానెడు పైకెత్తడం చేతకాలేదు.